ఒకే కుటుంబం మందు నెలసరిని ఆపుతుంది, రప్పిస్తుంది, గర్భాన్ని నిలుపుతుంది, రాకుండా చేస్తుంది. ప్రొజెస్టిన్లు అసలెలా పనిచేస్తాయి?

ఫార్మసీ_కౌంటర్

మందుల షాపులో ఒకే అరలో ఉండే మందుల గురించి ఈ ప్రశ్న. పెళ్లో, వ్రతమో, తిరుమల ప్రయాణమో ఉందని నెలసరి వాయిదాకి నోరెథిస్టిరోన్ 5 మి.గ్రా. అడుగుతారు. మూడు నాలుగు నెలలుగా నెలసరి రాని వాళ్ల చీటీలో మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ 10 మి.గ్రా. ఉంటుంది, రప్పించడానికి. గర్భం నిలవాలని డైడ్రోజెస్టిరోన్, ప్రొజెస్టిరోన్ క్యాప్సూల్స్ రాస్తారు. గర్భం వద్దంటే అంతర అనే ఇంజెక్షన్, లేదా కలిసిన తర్వాత వేసుకునే అత్యవసర మాత్ర, అదే 72 గంటల మాత్ర. ఇవన్నీ ప్రొజెస్టిన్లేనని, అంటే ఒంట్లోని ప్రొజెస్టిరోన్ హార్మోన్‌లా పనిచేసే మందులేనని, పుస్తకంలో ఉంది.

నా సందేహాలు మూడు. ఒకే రకం మందు ఇన్ని ఎదురెదురు పనులు ఎలా చేస్తుంది? వాయిదా మాత్రలు వేసుకున్నా మధ్యలో బ్లీడింగ్ అయిందని కొందరు తిరిగి వస్తారు, ఎక్కడ తేడా వస్తోంది? ఒకటి స్టాకు లేనప్పుడు దాని బదులు ఇంకొకటి ఇవ్వచ్చా? కారణంతో సహా చెప్పగలిగిన వాళ్లు చెప్పండి.

గైనిక్_రిజిస్ట్రార్

మొదటి ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి. నెలసరిని తెచ్చేది ప్రొజెస్టిరోన్ కాదండి, ప్రొజెస్టిరోన్ తగ్గిపోవడం. మందు లోపల ఉన్నంతకాలం గర్భసంచి లోపలి పొర నిలబడి ఉంటుంది. మందు తీసేస్తే రాలిపోతుంది. వాయిదా మాత్రా, రప్పించే మాత్రా చేసే పని ఒకటే. మొదటిదాంట్లో మనకు కావలసింది మందు వాడే రోజులు, రెండోదాంట్లో మందు ఆపాక వచ్చే రోజులు.

కొంచెం వివరంగా చెప్తాను. నెలసరి చక్రం మొదటి సగంలో అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజన్ వల్ల లోపలి పొర మందంగా పెరుగుతుంది. అండం విడుదలయ్యాక ఆ ఖాళీ అయిన తిత్తి కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరోన్ తయారుచేస్తుంది. ప్రొజెస్టిరోన్ కణంలోకి వెళ్లి, దాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్ అయిన తన రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. ఆ జంట కేంద్రకంలో డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను పని చేయిస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. అందుకే దీని ప్రభావం నిమిషాల్లో కనపడదు, గంటలూ రోజులూ పడుతుంది. గర్భసంచిలో ఇది చేసే ముఖ్యమైన పని ఈస్ట్రోజన్‌కి అడ్డుకట్ట వేయడం. ఈస్ట్రోజన్ రిసెప్టర్లను తగ్గిస్తుంది, బలమైన ఎస్ట్రడయాల్‌ని బలహీనమైన ఈస్ట్రోన్‌గా మార్చే ఎంజైమును పెంచుతుంది. పొర పెరగడం ఆగి, గ్లైకోజన్ నింపుకొని పిండం దిగడానికి సిద్ధమవుతుంది.

గర్భం రాకపోతే దాదాపు 14 రోజులకు కార్పస్ లూటియం ఎండిపోతుంది, ప్రొజెస్టిరోన్ పడిపోతుంది. అప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి, మెలికలు తిరిగిన చిన్న ధమనులు బిగుసుకుంటాయి, పొరను పట్టి ఉంచే కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములు విడుదలవుతాయి. 1940లో మార్కీ అనే శాస్త్రవేత్త కోతి కంటి ముందు గదిలో గర్భసంచి పొర ముక్కలను నాటి, ఈ ధమనులు బిగుసుకోవడాన్నీ తర్వాత రక్తం కారడాన్నీ కళ్లారా చూశాడు.

రప్పించడానికి వాడేటప్పుడు ఒక షరతు ఉంది. ముందు ఈస్ట్రోజన్ పొరను పెంచి ఉండాలి. పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్యలో అండం విడుదల కాదు, ప్రొజెస్టిరోన్ రాదు, ఈస్ట్రోజన్ మాత్రం ఉంటుంది. మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ రోజుకు 10 మి.గ్రా. చొప్పున 10 రోజులు ఇచ్చి ఆపితే సాధారణంగా 2 నుంచి 7 రోజుల్లో బ్లీడింగ్ వస్తుంది. రాకపోతే ఇంకో కోర్సు రాసి పంపేయడం తప్పు. ఈస్ట్రోజనే తక్కువగా ఉందా, లేక గర్భసంచి లోపల గోడలు అతుక్కుపోయాయా అని చూడాలి. మన దగ్గర గర్భసంచి టీబీని కూడా మరిచిపోకూడదు. వీటన్నిటికంటే ముందు, కోర్సు మొదలుపెట్టక మునుపే, మూత్రంతో గర్భ పరీక్ష చేయాలి. నెలసరి రాకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం గర్భమే.

పీసీఓఎస్‌లో ఈ కోర్సులు కేవలం నెలసరి చూపించడానికి కాదు. ఏళ్ల తరబడి ఈస్ట్రోజన్ ఒక్కటే పొర మీద పనిచేస్తే హైపర్‌ప్లేసియా, అంటే పొర అతిగా పెరగడం, ఆపైన క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. "మాత్ర వేస్తేనే వస్తోంది, లేకపోతే రావట్లేదు, ఎందుకీ మాత్రలు" అని ఆపేసే అమ్మాయిలకు ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం చాలా బాధాకరం. కనీసం మూడు నెలలకోసారి పొర రాలేలా చూడాలి, లేదా రోజూ వాడే మాత్రలతోనో గర్భసంచిలో పెట్టే లెవోనోర్‌జెస్ట్రెల్ లూప్‌తోనో పొర పెరగకుండా ఉంచాలి.

డోసు_లెక్క

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

వాయిదాకి మామూలు పద్ధతి నోరెథిస్టిరోన్ 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, నెలసరి వస్తుందనుకున్న తేదీకి 3 రోజుల ముందు మొదలుపెట్టాలి. 14 రోజులకు మించకూడదు. ఆపిన 2, 3 రోజులకు బ్లీడింగ్ వస్తుంది. కాబట్టి పని అయిపోయే తేదీని చూసి ఆపే రోజు లెక్కేయాలి.

మధ్యలో బ్లీడింగ్ అవడానికి మొదటి కారణం ఆలస్యంగా మొదలుపెట్టడం. సొంత ప్రొజెస్టిరోన్ పడిపోయాక పొర రాలే ప్రక్రియ ఒకసారి మొదలైతే వెనక్కి తిరగదు. కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ప్రొజెస్టిరోన్ తీసేసిన దాదాపు ఒకటిన్నర రోజు లోపల తిరిగి ఇస్తేనే బ్లీడింగ్ ఆగింది, ఆ తర్వాత ఇస్తే ఆగలేదు. రేపు డేటు అనగా ఈరోజు సాయంత్రం షాపుకొచ్చి కొనేవాళ్లకు ఇది ముందే చెప్పాలి. నెలసరి క్రమంగా రాని వాళ్లకు 3 రోజుల ముందు అంటే ఎప్పుడో తెలియదు, వాళ్లలో తేడా ఎక్కువ.

రెండో కారణం మాత్రల మధ్య గడువు. రోజుకు మూడు అంటే దాదాపు 8 గంటలకొకటి. ఉదయం, మధ్యాహ్నం వేసుకుని పెళ్లి హడావిడిలో రాత్రిది మరిచిపోతే రక్తంలో మందు పడిపోతుంది, స్పాటింగ్ మొదలవుతుంది. మందును నెమ్మదిగా వదిలే, రోజుకొకటి వేసుకునే సీఆర్ మాత్రలు వేరు, వాటిని విరిచి వేసుకోకూడదు. షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి స్ట్రిప్ మీద సీఆర్ అని ఉందో లేదో చూసి, ఏది ఎన్నిసార్లో కవరు మీద రాసివ్వండి. వాంతులైనా, కింద చెప్పిన ఫిట్స్, టీబీ మందులు వాడుతున్నా మాత్ర పని తగ్గుతుంది.

ఇక ఎవరికి ఇవ్వకూడదు అన్నది. నోరెథిస్టిరోన్‌లో కొంత భాగం ఒంట్లో ఇథినైల్ ఎస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మి.గ్రా. వాడితే, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయాల్ ఉన్న గర్భనిరోధక మాత్ర వేసుకున్నంత అవుతుందని అంచనా. అంటే ఉత్త ప్రొజెస్టిన్ అనుకుని ఇచ్చినా, రక్తం గడ్డకట్టే విషయంలో దాన్ని మామూలు గర్భనిరోధక మాత్రలాగే చూడాలి. ఇంతకుముందు కాలి నరాల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ గడ్డ వచ్చినవాళ్లు, అమ్మానాన్నల్లో లేదా తోబుట్టువుల్లో చిన్న వయసులో అలా జరిగినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, కాన్పయి 6 వారాలు కానివాళ్లు, ఆపరేషనై మంచాన ఉన్నవాళ్లు, బాగా లావున్నవాళ్లు దీనికి దూరంగా ఉండాలి. రొమ్ము క్యాన్సర్, తీవ్రమైన కాలేయ జబ్బు, కారణం తేలని బ్లీడింగ్ ఉన్నా అంతే. గడ్డల ప్రమాదం ఉన్నవాళ్లకు అవసరం తప్పనిసరైతే ఈస్ట్రోజన్‌గా మారని మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ లాంటిది డాక్టరు ఎంచుకోవచ్చు. ఆ నిర్ణయం కౌంటర్ దగ్గర తీసుకునేది కాదు.

మాత్రలు వాడే రోజుల్లో ఒక కాలు పిక్క వాచినా, నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వచ్చినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కాలి పిక్క నొప్పిని ప్రయాణ బడలిక అని పక్కన పెట్టొద్దని కొనేవాళ్లకి నోటితో చెప్పండి.

ఒకవేళ ఆమె ఇప్పటికే మాలా-ఎన్ లాంటి రోజువారీ మాత్రలు వాడుతుంటే నోరెథిస్టిరోన్ అక్కర్లేదు. ఆ ప్యాకెట్ చివర ఉండే 7 ఐరన్ మాత్రలు వదిలేసి, తర్వాతి ప్యాకెట్‌లో హార్మోన్ మాత్రలు వెంటనే మొదలుపెడితే సరిపోతుంది.

ఫార్మసీ_కౌంటర్

రెండు జవాబులూ చాలా ఉపయోగం. అనుబంధంగా ఒకటి: వాయిదా మాత్రలు వాడే రోజుల్లో గర్భం రాదని చాలామంది నమ్ముతారు. నిజమేనా? ఆపాక కూడా నెలసరి రాకపోతే?

డోసు_లెక్క

నమ్మకూడదండి. మాత్ర మొదలయ్యే సరికి ఆ నెల అండం విడుదలై పది రోజుల పైనే అయి ఉంటుంది, గర్భం వచ్చేదుంటే అప్పటికే వచ్చి ఉంటుంది. వాయిదా మోతాదును గర్భనిరోధకంగా వాడమని ఎవరూ చెప్పరు, కండోమ్ మానకూడదు. ఆపిన వారం రోజులకీ బ్లీడింగ్ రాకపోతే గర్భ పరీక్ష చేయించాలి.

అంతర_సిస్టర్

గర్భనిరోధం సంగతి నేను చెప్తాను. ప్రొజెస్టిన్ మూడు చోట్ల పనిచేస్తుంది. మెదడులో హైపోథలమస్ నుంచి వచ్చే సంకేతాలను నెమ్మదింపజేసి, అండాన్ని విడుదల చేయించే హార్మోన్ అయిన ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసిపడకుండా చేస్తుంది, అండం విడుదల కాదు. గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కగా చేసి శుక్రకణాలను లోపలికి పోనివ్వదు. లోపలి పొరను పలచబరుస్తుంది. ఏ పని ఎంత బలంగా జరుగుతుందన్నది మోతాదును బట్టి, మందు చేరే దారిని బట్టి ఉంటుంది.

లెవోనోర్‌జెస్ట్రెల్ 30 మైక్రోగ్రాముల పాత రకం మినీపిల్ (ఈస్ట్రోజన్ లేని రోజువారీ మాత్ర) ఎక్కువగా జిగురు మీదే ఆధారపడుతుంది, అందుకే 3 గంటలు ఆలస్యమైతే రక్షణ పోయినట్టే. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాములది అండాన్ని కూడా ఆపుతుంది కాబట్టి 12 గంటల వెసులుబాటు ఉంది. మరిచిపోయి గడువు దాటితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని 2 రోజులు కండోమ్ వాడాలి. జిగురు మళ్లీ చిక్కబడటానికి పట్టే సమయం అది.

అంతర ఇంజెక్షన్‌లో ఉండేది మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ 150 మి.గ్రా., కండరంలోకి, మూడు నెలలకోసారి. 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. మందు కణికలుగా అడుగున పేరుకుంటుంది కాబట్టి వయల్ బాగా కుదిపాకే సిరంజిలోకి తీయాలి, లేకపోతే మోతాదు తక్కువ వెళ్తుంది. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. అలా చేస్తే మందు తొందరగా రక్తంలోకి పోయి మూడు నెలలు నిలవదు. నెలసరి మొదలైన 7 రోజుల్లోపు వేస్తే అప్పటినుంచే రక్షణ, ఆ తర్వాతైతే గర్భం లేదని తేల్చుకుని వేసి 7 రోజులు కండోమ్ వాడించాలి. తర్వాతి డోసు తేదీకి 2 వారాల ముందు నుంచి 4 వారాల తర్వాత వరకు వేయచ్చు. పాలిచ్చే తల్లికి కాన్పు అయిన 6 వారాల తర్వాత.

మొదటి డోసు తర్వాత మధ్యమధ్య చుక్కలు కనపడటం, ఏడాదికి దాదాపు సగం మందికి నెలసరి ఆగిపోవడం ముందే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే "చెడు రక్తం లోపలే ఉండిపోతోంది" అని భయపడి రెండో డోసుకు రారు. లోపల ఏమీ పేరుకోదు, పొర పలచబడి రాలడానికి ఏమీ లేదు, అంతే. ఈ చుక్కలు ఆ పలచటి పొరలో రక్తనాళాలు పెళుసుగా మారడం వల్ల వచ్చేవి. మరీ ఎక్కువైతే మెఫెనమిక్ యాసిడ్ లాంటివి 5 రోజులు ఇస్తారు. ఆపాక గర్భం రావడానికి చివరి డోసు నుంచి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది కాబట్టి వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే జంటకు ఇది సరైనది కాదు. ఏళ్ల తరబడి వాడితే ఎముక సాంద్రత కొంత తగ్గుతుంది, ఆపాక చాలావరకు తిరిగి వస్తుంది. 2024లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఏడాదికి మించి వాడినవాళ్లలో మెనింజియోమా అనే మెదడు పొర గడ్డ ప్రమాదం ఎక్కువగా కనపడింది. ఆ జబ్బు అసలే అరుదు కాబట్టి భయపడి ఆపనక్కర్లేదు గానీ, ఇంతకుముందు ఆ గడ్డ ఉన్నవాళ్లకు వేయకూడదు.

72 గంటల మాత్రలో ఉండేది లెవోనోర్‌జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. ఎల్‌హెచ్ పెరగడం మొదలవకముందు వేసుకుంటే అండాన్ని ఆలస్యం చేస్తుంది. అప్పటికే ఎల్‌హెచ్ పెరిగిపోతే పెద్దగా పనిచేయదు. 72 గంటలు టైముందని ఆగడం తప్పు, గంట గంటకూ పని తగ్గుతుంది. వేసుకున్న 2 గంటల్లో వాంతైతే మళ్లీ వేసుకోవాలి. 70 కిలోలు దాటినవాళ్లలో పని తగ్గవచ్చు, వాళ్లకు 5 రోజుల్లోపు కాపర్-టి వేయించడం అన్నిటికంటే గట్టి దారి. నిలిచిన గర్భాన్ని ఈ మాత్ర తీయదు. తీసేది ప్రొజెస్టిరోన్ రిసెప్టర్‌ని మూసేసే మిఫెప్రిస్టోన్, అది పూర్తిగా వేరే మందు, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

ఛాయా మాత్రను కూడా చాలామంది వీటిలో కలిపేస్తారు. అది లక్నోలోని సీడీఆర్ఐ తయారుచేసిన సెంట్‌క్రోమన్, ప్రొజెస్టిన్ కాదు, స్టిరాయిడ్ కూడా కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి.

ఐవీఎఫ్_ల్యాబ్

గర్భం నిలపడం గురించి. మొదటి 7 వారాల దాకా గర్భం కార్పస్ లూటియం ఇచ్చే ప్రొజెస్టిరోన్ మీదే బతుకుతుంది, ఆ తర్వాత మాయ ఆ పనిని తీసుకుంటుంది. ఈస్ట్రోజన్ మాత్రలతో పొర పెంచి, చలిలో గడ్డకట్టించి దాచిన పిండాన్ని గర్భసంచిలోకి దించే ఐవీఎఫ్ సైకిల్‌లో అండమే విడుదల కాదు, అంటే కార్పస్ లూటియమే ఉండదు. అక్కడ బయటి ప్రొజెస్టిరోన్ ఒక్కటే ఆధారం. పాజిటివ్ వచ్చిందని సంతోషంతో మందు ఆపేస్తే గర్భం పోతుంది. 10 వారాల దాకా, డాక్టరు చెప్పే వరకు, ఒక్క పూట కూడా మానకూడదు.

మామూలుగా వచ్చిన గర్భంలో మాత్రం ప్రతి ఒక్కరికీ ప్రొజెస్టిరోన్ రాయడం అలవాటైపోయింది, అది అనవసరం. 2015లో వచ్చిన ప్రామిస్ ట్రయల్‌లో కారణం తెలియకుండా పదేపదే గర్భస్రావం అయిన 836 మందిలో దాదాపు సగం మందికి ఇచ్చి చూస్తే ప్రయోజనం కనపడలేదు. 2019 నాటి ప్రిజమ్ ట్రయల్‌లో తొలి వారాల్లో బ్లీడింగ్ అయినవాళ్లకు ఇచ్చారు. మొత్తంగా తేడా తేలలేదు. కానీ అంతకుముందు మూడు లేదా ఎక్కువ గర్భస్రావాలైన వాళ్లలో బిడ్డ పుట్టినవాళ్లు మందుతో 72 శాతం, మందు లేకుండా 57 శాతం. అందుకే బ్రిటన్ మార్గదర్శకాలు బ్లీడింగూ, పాత గర్భస్రావమూ రెండూ ఉంటేనే యోని ద్వారా 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, స్కానింగ్‌లో గుండె చప్పుడు కనపడితే 16 వారాల వరకు ఇమ్మంటాయి. గర్భసంచి ముఖద్వారం 25 మి.మీ. కంటే పొట్టిగా ఉందని తేలితే నెలలు నిండకుండా కాన్పు కాకుండా రాత్రిపూట యోని ద్వారా 200 మి.గ్రా. వాడతారు. ఇదే పనికి వారం వారం వేసే హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ ఇంజెక్షన్ అనుమతిని అమెరికా 2023లో వెనక్కి తీసుకుంది, పెద్ద ట్రయల్‌లో పనిచేయలేదని.

క్యాప్సూల్ నోటితో వేసుకుంటే చాలా భాగం కాలేయంలోనే విరిగిపోతుంది. అలా విరిగినప్పుడు వచ్చే అల్లోప్రెగ్నెనలోన్ మెదడు మీద నిద్రమాత్రలా పనిచేస్తుంది, తల తిరుగుతుంది. కాబట్టి నోటితోనైతే పడుకునే ముందే. యోని ద్వారా పెడితే గర్భసంచికి నేరుగా చేరుతుంది, రక్తంలో తక్కువ కనపడినా పొరలో చాలినంత ఉంటుంది. ప్రొజెస్టిరోన్ నూనె ఇంజెక్షన్ కండరంలో లోతుగా వెళ్లాలి, పైపైన వేస్తే గడ్డలు కడతాయి.

ఇంకొకటి, ల్యాబ్‌లో తరచూ చూసేది. డైడ్రోజెస్టిరోన్ వాడేవాళ్లకు రక్తంలో ప్రొజెస్టిరోన్ పరీక్ష చేయించి, తక్కువ వచ్చిందని కంగారుపడి డోసు రెట్టింపు చేస్తారు. ఆ పరీక్ష డైడ్రోజెస్టిరోన్‌ని గుర్తించదు. మందు ఉన్నా ఆ అంకె పెరగదు.

డోసు_లెక్క

మూడో ప్రశ్న మిగిలింది. ఒకదాని బదులు ఇంకొకటి ఇవ్వచ్చా అంటే, ఇవ్వకూడదు. కారణం వాటి పుట్టుకలో ఉంది. సహజ ప్రొజెస్టిరోన్ నోటితో సరిగా పనిచేయదని టెస్టోస్టిరోన్ అణువును మార్చి చేసినవి నోరెథిస్టిరోన్, లెవోనోర్‌జెస్ట్రెల్. నోరెథిస్టిరోన్‌ని 1951లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీలో జెరాసీ అనే రసాయన శాస్త్రవేత్త బృందంలోని మిరామోంటెస్ తయారుచేశాడు. వీటికి కొంత పురుష హార్మోన్ గుణం ఉంది. మొటిమలు రావచ్చు. గర్భిణికి పెద్ద మోతాదులో ఇస్తే ఆడపిండం బాహ్య జననాంగాలు మగ తీరులో మారే ప్రమాదం ఉంది. గర్భం నిలపడానికి రాసిన డైడ్రోజెస్టిరోన్ బదులు నోరెథిస్టిరోన్ ఇవ్వడం అందుకే ప్రమాదకరమైన పొరపాటు. ప్రొజెస్టిరోన్ అణువు నుంచి చేసిన మెడ్రాక్సీప్రొజెస్టిరోన్‌కి కొంత కార్టిజోన్ గుణం ఉంది. డ్రోస్పైరెనోన్, ఒంట్లో పొటాషియం నిలిపే మూత్రం మాత్ర స్పైరనోలాక్టోన్‌కి బంధువు, 3 మి.గ్రా.లో దాదాపు 25 మి.గ్రా. స్పైరనోలాక్టోన్ అంత పని ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, పొటాషియం పెంచే బీపీ మందులు వాడుతున్నా జాగ్రత్త.

మెనోపాజ్‌లో ఈస్ట్రోజన్ వాడేవాళ్లకు గర్భసంచి ఉంటే ప్రొజెస్టిన్ తప్పనిసరి, రోజూ 100 మి.గ్రా. ప్రొజెస్టిరోన్ లేదా నెలలో 12 రోజులు 200 మి.గ్రా. "ఒకటే మాత్ర ఇవ్వండి, రెండోది వద్దు" అంటే ఇవ్వకండి. 1970లలో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవాళ్లలో గర్భసంచి క్యాన్సర్ పెరిగింది. గర్భసంచి తీసేసినవాళ్లకు మామూలుగా అవసరం లేదు. ఎండోమెట్రియోసిస్‌కి (గర్భసంచి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) రోజూ డైనోజెస్ట్ 2 మి.గ్రా., అధిక రక్తస్రావానికి 52 మి.గ్రా. లెవోనోర్‌జెస్ట్రెల్ లూప్. ఆ లూప్ మొదట్లో రోజుకు దాదాపు 20 మైక్రోగ్రాములు నేరుగా గర్భసంచిలోనే వదులుతుంది కాబట్టి ఒంటి మీద ప్రభావం తక్కువ.

కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్న: టీబీ మందులు గానీ ఫిట్స్ మందులు గానీ వాడుతున్నారా? రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపిన్ కాలేయంలో ఎంజైములను పెంచి ప్రొజెస్టిన్‌ని త్వరగా విరగ్గొడతాయి. మినీపిల్, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ వీటితో నమ్మలేం. 72 గంటల మాత్ర రెట్టింపు, అంటే 3 మి.గ్రా., వేసుకోవాలి, లేదా కాపర్-టి. అంతర ఇంజెక్షన్, హార్మోన్ లూప్ మాత్రం వీటితో కూడా పనిచేస్తాయి. రిఫాంపిసిన్ కోర్సు అయిపోయాక కూడా ఎంజైములు మామూలు స్థాయికి రావడానికి 4 వారాలు పడుతుంది, అంతవరకు ఇదే జాగ్రత్త కొనసాగాలి.